సున్నా అడుగుల నీడ

కోడేరు దాటి మూడు కిలోమీటర్లు పోతే బోడగుట్ట వస్తుంది. దాని మీద ఒక రేకుల గది ఉంది. ఎత్తిపోతల కాలువ తవ్వే రోజుల్లో సిమెంటు బస్తాలు పెట్టుకోవడానికి ఎవరో కంట్రాక్టరు కట్టుకున్న గది అది. కాలువ పని అయ్యాక కంట్రాక్టరు పోయాడు, గది మిగిలింది. కొన్నేళ్లు మేకలు సుఖంగా వాడుకున్నాయి. తర్వాత కోడేరులో బోరు మోటార్లకు వైండింగు చేసే శేఖర్ పంచాయతీ వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి దాన్ని అడిగి తీసుకున్నాడు. పైకప్పు రేకుల కింద ఇనుప చక్రాలు పెట్టించాడు. తాడు పట్టి లాగితే కప్పు మొత్తం పక్కకు జరుగుతుంది. మధ్యలో అతను సొంతంగా అద్దం అరగదీసి చేసుకున్న టెలిస్కోపు. బోర్డు మీద ప్రజా ఖగోళ అబ్జర్వేటరీ అని పెద్ద అక్షరాలతో రాయించాడు గానీ, ఆ పేరు నోరారా పలికినవాళ్లు ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. అందరికీ అది చుక్కల గది.

అక్కడ జీతాలూ లేవు, భత్యాలూ లేవు. పదకొండు మంది ఉన్నారు, అందరూ ఇష్టపడి చేసేవాళ్లే. వారానికొకరి వంతు. ఎవరి వారం వస్తే తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది, ఆ వారం జరిగే మంచీ చెడ్డా వాళ్లదే. ఇంకో పద్ధతి కూడా ఉంది. చూసిందల్లా ఒక లావుపాటి నోటుబుక్కులో రాయాలి. ఏం చూశారు, ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు. చూసినవాళ్ల పేరు లేకపోతే అది చూసినట్టే కాదని శేఖర్ పట్టుదల. ఆ విషయంలో అతనితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

ఎండాకాలం సెలవుల్లో చుక్కల గదికి చేతినిండా పని. పిల్లలకు పది రోజుల క్యాంపు పెడతారు. పొద్దున టెలిస్కోపు వెనక తెల్లకాగితం పట్టి దాని మీద సూర్యుడి మచ్చలు చూపిస్తారు, అట్టముక్కలతో నీడ గడియారాలు చేయిస్తారు, పొద్దు గుంకాక గురుగ్రహం చూపించి ఇళ్లకు పంపిస్తారు. వీటన్నిటికంటే పెద్ద పండగ మే నెల మొదటి వారంలో వస్తుంది. ఆ ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చే మధ్యాహ్నాలు ఏడాదికి రెండే, ఆగస్టుది మబ్బుల పాలవుతుంది, మిగిలేది ఇదే. నిటారుగా నిలబెట్టిన కట్టెకు నీడ ఉండదు. ఈ ఏడు అది మే ఐదు, మంగళవారం, పన్నెండు గంటల పదమూడు నిమిషాలకు. ఆ వారం వంతు సరితది.

సరితకు ముప్పై నాలుగేళ్లు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మానాయనలు మట్టిపనికి పూణె వైపు వలసపోతూ వెంట తీసుకుపోయారు, బడి అక్కడితో సరి. నాలుగేళ్ల కిందట శేఖర్ టెలిస్కోపుకు గుడ్డ తొడుగు కుట్టాలని కబురు పెడితే, కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకుని గుట్ట ఎక్కింది. కొలతలు అయ్యాక శేఖర్ ఆమెను చంద్రుణ్ణి చూడమన్నాడు. చూస్తుంటే, "ఏం కనపడుతుందక్కా?" అని అడిగాడు. అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగాడు. ఆమెకు మాటలు దొరకడానికి చాలాసేపు పట్టింది, అయినా ఆగాడు. తను చూసిందేమిటో చెప్పమని సరితను అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆ సంతోషం ఎంతటిదో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాతి నెలకు ఆమె పన్నెండో మనిషిగా చేరింది. ఒకరు మానేస్తే మళ్లీ పదకొండు మందే మిగిలారు.

ఆమె అత్త తిమ్మమ్మకు మాత్రం ఈ సంబడం చూస్తే ఒళ్లు మండేది. కొడుకు లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే ఉంటాడు. పెళ్లిళ్ల కాలంలో జాకెట్ల మూటలు మిషను పక్కన గుట్టగా పడి ఉంటాయి. కోడలేమో సాయంత్రమయ్యేసరికి గుట్టెక్కుతుంది.

"ఊర్లె ఆడోళ్లు జాకెట్ల కోసం నా పానం తింటుండ్రు. నువ్వేమో ఆడ కూసోని చుక్కలు లెక్కవెడ్తున్నవు. ఎన్నయినయే ఇప్పటికి?" అని రోజూ పోరు పెట్టేది.

తిమ్మమ్మ సంగతి కొంచెం చెప్పాలి. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా కూలి ఆడవాళ్ల ముఠాకు పెద్ద. ఆ ముఠాలో ఎవరి చేతికీ గడియారం లేని కాలం నుంచీ పని దిగే వేళ చెప్పేది ఆమే. చేలో సాపు జాగాలో నిటారుగా నిలబడేది. ముఠాలోని ఎస్తేరమ్మ ఒక గులకరాయి పట్టుకుని పోయి, తిమ్మమ్మ తల నీడ పడ్డచోట పెట్టేది. అప్పుడు తిమ్మమ్మ తన నీడను తన అడుగులతోనే మడమకు వేలు ఆనించి కొలుచుకుంటూ పోయేది. ఎండాకాలంలో పన్నెండు అడుగులు దాటితే దిగిపోవడమే, చలికాలంలో ఇరవై. ఒకసారి ఒక ఆసామి ఇంకా పొద్దుందని పట్టుబడితే, "నువ్వే వచ్చి కొలువు పటేలా" అని పక్కకు జరిగి నిలబడింది. ఆయన కొలిచాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ ఆసామీ ఆమె లెక్కకు ఎదురు చెప్పలేదు.

ఇటువైపు ముఠా ఆడవాళ్లు కూడా తక్కువ వాళ్లు కాదు. నడుములు పడిపోయిన రోజున, "తిమ్మక్కా, జర రెండడుగులు ఎక్కువ చెప్పరాదే" అని కాళ్లావేళ్లా పడేవాళ్లు. తిమ్మమ్మ వినేది కాదు. "నీడ మీద అబద్ధమాడితే రేపు నా మాట ఎవడు వింటడే?" అని కసురుకునేది. తిట్టుకుంటూనే మళ్లీ కొడవళ్లు అందుకునేవాళ్లు.

అలాంటి మనిషికి కోడలు వచ్చి నీడ మాయమవుతుందని చెబితే ఊరుకుంటుందా? సోమవారం రాత్రి అన్నాల దగ్గర అదే గొడవ.

"నలభై ఏండ్ల సంది నీడను కొలుస్తున్న. తక్కువైతది, ఎక్కువైతది. లేకుండ పోవుడేందే? మనిషి సచ్చినా నీడ ఉంటది."

"నువ్వు కొలిచేది పొద్దు వాలినంకనే గదత్తా. నడిమిట్ల మధ్యాన్నం ఎన్నడన్న కొలిచినవా?"

"మధ్యాన్నం చెట్టు కింద కూసోని సద్ది తింటం. అప్పుడు నీడ కొలవనీకి నాకేం పిచ్చి లేసిందా?"

"అయితే రేపు వచ్చి చూడు. ఉపాధి పని పదకొండింటికే అయిపాయె గద."

తిమ్మమ్మ కంచం పక్కకు జరిపింది. ఆమె గొంతు ఈసారి తగ్గింది, తగ్గిందంటే నిజంగా కోపం వచ్చిందన్నమాట.

"వస్త. నా ముఠానంత తోల్కొని వస్త. గానీ ఒక్క మాట. ఆ గది తాళంచెవి నాకియ్యి. నీడ పోయిందంటే నీ చెవి నీకిస్త, ఇగ నేను నోరెత్తితే అడుగు. పోలేదంటే చెవి తీసుకపోయి శేఖర్‌కు నేనే ఇస్త. నువ్వు గుట్టెక్కుడు బందు. సరేనా?"

సరితకు కూడా రోషం పొడుచుకొచ్చింది. గోడ మేకుకు ఉన్న తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టింది. తిమ్మమ్మ దాన్ని కొంగు చివర ముడేసుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచింది. పడుకున్నాక గానీ సరితకు తను చేసిందేమిటో అర్థం కాలేదు. పందెంలో సూర్యుణ్ణి నమ్ముకోవచ్చు, అందులో అనుమానం లేదు.

మంగళవారం పొద్దున శేఖర్ ఊళ్లో లేడు, బంధువుల పెళ్లికి ఆత్మకూరు పోయాడు. పోతూపోతూ ఫోన్ చేసి, "కట్టె మాత్రం నిటారుగ ఉండాలక్కా, అదొక్కటే జాగ్రత్త" అన్నాడు. పోయిన నెల వరకు గది ముందు సిమెంటు దిమ్మెలో ఇనుప పైపు ఉండేది. ఏప్రిల్ గాలివానకు దిమ్మెతో సహా అది కూలిపోయింది. అందుకని సరిత గది పక్కనున్న పరుపుబండను ఎంచుకుంది. పూర్వం ఎప్పుడో రాళ్లు కొట్టేవాళ్లు ఆ బండకు వేసిన బెజ్జం ఒకటుంది. అందులో ఐదడుగుల ఇనుప కడ్డీ దించి, చుట్టూ రాతిముక్కలు బిగించింది.

నిటారుగా ఉందో లేదో చూడటానికి ఆమె ఏం వాడిందంటే, తన కుట్టుపని స్కేలు. మూలమట్టంగా ఉండే ఎల్ స్కేలు, పదిహేనేళ్లుగా చేతిలో ఆడుతున్నది. దాని ఒక చెయ్యి బండ మీద ఆనించి, రెండో చెయ్యి కడ్డీకి ఆనించి చూసింది. నాలుగు వైపులా చూసింది. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. ఆ తర్వాత కడ్డీ చుట్టూ సున్నంతో తెల్లటి గుండ్రం గీసి, తన పనితనానికి తనే మురిసిపోయింది.

పన్నెండు గంటలకు గుట్ట మీద యాభై అరవై మంది జమయ్యారు. క్యాంపు పిల్లలు ముప్పై మంది. ఎండ మామూలుగా లేదు, బండ మీద చెప్పు లేకుండా అడుగు పెట్టలేరు. అందుకని అందరినీ గది ముందు కట్టిన టెంటు కింద కూర్చోబెట్టింది సరిత. బస్టాండు దగ్గర హోటల్ నడిపే సాయన్న చల్ల క్యాను దించి, తమాషా చూసిపోదామని అక్కడే బైఠాయించాడు. కాసేపటికి తిమ్మమ్మ ముఠా వచ్చింది. పదిహేను మంది ఆడవాళ్లు, తలల మీద తువ్వాళ్లు, చేతుల్లో ఖాళీ టిఫిన్లు. తిమ్మమ్మ అందరికంటే ముందు కూర్చుంది. కొంగు ముడి ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చుంది.

కడ్డీ పక్కన ఎండలో సరిత ఒక్కతే నిలబడింది. క్యాంపు పిల్లల్లో పెద్దదైన శ్రీజ ఫోను చూస్తూ నిమిషాలు అరిచి చెబుతోంది. పన్నెండు దాటి ఐదు. కడ్డీ నీడ పొట్టిగా ఉంది. ఎనిమిది. ఇంకొంచెం తగ్గినట్టే ఉంది. పదకొండు. సరిత నీడనే చూస్తోంది. అది తగ్గాల్సినంత తగ్గడం లేదు. పడమటి వైపు నుంచి జరుగుతూ వచ్చి, ఉత్తరం వైపు జానెడు పొడుగున నిలిచిపోయింది.

"పన్నెండు పదమూడు!" అని అరిచింది శ్రీజ.

జానెడు నీడ అట్లాగే ఉంది. తెల్ల గుండ్రం మీద నల్లగా, గీత గీసినట్టు, కళ్లు లేనివాళ్లకు కూడా కనపడేంత స్పష్టంగా ఉంది.

సాయన్న నవ్వాడు. "సరితక్కా, సూర్యుడు ఇయ్యాల సెలవు పెట్టిండేమో, ఫోన్ చేసి అడగరాదు?" అన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరితకు తల కొట్టేసినట్టయింది. శేఖర్ లెక్క తప్పిందా, తేదీ తప్పిందా, తనకే అర్థం కాని విషయం ఇంకేదైనా ఉందా, ఏమీ తోచలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తల వంచుకుని కడ్డీ మొదలే చూస్తూ నిలబడింది. ఇక ఈ గుట్ట ఎక్కేది లేదనుకుంది.

తిమ్మమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని నిదానంగా లేచింది.

"ఉండుండ్రి, ఎంతుందో కొలిచి చెప్త. మళ్ల రేపు లేదు కాదంటదేమో" అంటూ టెంటు కింది నుంచి ఎండలోకి నడిచింది. "ఎస్తేరూ, నువ్వు గూడ రా."

కొలత అంటే ఆమెకు ఒకటే పద్ధతి. ముందు తన నీడ, తర్వాత ఏదైనా. కడ్డీకి రెండు గజాల అవతల ఆగి, చెప్పుల కాళ్లు దగ్గరపెట్టి, మెడ నిక్కించి నిలబడింది. నలభై ఏళ్ల అలవాటు. ఎస్తేరమ్మ కూడా అలవాటు ప్రకారమే గులకరాయి ఏరుకుని, వంగి, తల నీడ కోసం ముందుకు నడిచింది. నాలుగడుగులు పోయి ఆగింది. వెనక్కి వచ్చింది. ఇటువైపు పోయింది.

"ఓ తిమ్మక్కా, నీ తలకాయ యాడుందే?"

"యాడుంటది, మెడ మీదుంటది. పెట్టు రాయి."

"అది గాదే. నేల మీద లేదు!"

తిమ్మమ్మ కిందికి చూసింది. ముందుకు చూసింది. కాళ్లు కదపకుండా నడుము తిప్పి వెనక్కి చూసింది. ఎడమకు చూసింది, కుడికి చూసింది. ఆమె చెప్పుల చుట్టూ చీర కుచ్చెళ్ల మేర నల్లటి మరక లాంటిది ఉంది, అంతే. దాని మీద అడుగు పెడదామంటే ఆమె అడుగులు అప్పటికే అక్కడే ఉన్నాయి.

టెంటు కింద ఉన్నవాళ్లకు ఇదేమీ తెలియదు. వాళ్లు కడ్డీనే చూస్తున్నారు. సరిత కూడా తల ఎత్తలేదు. తిమ్మమ్మ ఆ నిమిషాన ఒక్క మాట అనకుండా వచ్చి కూర్చుంటే పందెం ఆమెదే, కొంగుకున్న చెవి శేఖర్‌కు పోయేదే. ఎస్తేరమ్మకు కూడా ఆ సంగతి తెలుసు. రాయి చేతిలో పట్టుకుని తిమ్మమ్మ మొహంలోకి చూస్తూ నిలబడింది. తిమ్మమ్మ కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుంది.

"నీడ లేదు" అంది.

టెంటు కింద ఎవరికీ వినపడలేదు. అందుకని చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడేలా పిలిచే గొంతుతో మళ్లీ అరిచింది.

"నీడ లేదే! నాకు లేదు! ఎస్తేరుకు లేదు! అగో, సరితకు గూడ లేదు! ఒక్క అడుగు పెట్టనీకి జాగ లేదు! ఏం కూసున్నరే ఆడ, వచ్చి సూసుకోండ్రి!"

ఇక ఆగేవాళ్లెవరు? పిల్లలు టెంటు తాళ్ల కింది నుంచి దూరి ఉరికారు. ముఠా మొత్తం లేచింది. ఎవరికి వాళ్లు బండ మీద నిటారుగా నిలబడి కాళ్ల కింద వెతుక్కుంటున్నారు. "అవ్వో, నాది గూడ పోయింది!" అని ఒకామె నిజంగానే భయపడింది. సాయన్న చల్ల గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడి, గ్లాసు అటూ ఇటూ జరిపి చూసి నోరు మూసుకున్నాడు. సరిత తన కాళ్ల వైపు చూసుకుంది. ఇంతసేపూ కడ్డీ నీడనే చూస్తూ తన నీడ సంగతి మరిచిపోయిందని అప్పుడు తెలిసింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మరి ఈ కట్టెకెట్లున్నదే?" అంది ఎస్తేరమ్మ.

తిమ్మమ్మ కడ్డీ దగ్గరికి వెళ్లి దాని పక్కన నిలబడింది. కడ్డీ కొన ఆమె భుజానికి ఆనలేదు, ఉత్తరం వైపుకు ఒరిగి దూరంగా ఉంది. "నేను సక్కగున్న. ఇదే వంకరగున్నది" అని తేల్చింది.

అప్పుడు సరితకు తన ఎల్ స్కేలు గుర్తొచ్చింది. స్కేలు తప్పు చెప్పలేదు. కడ్డీ బండకు మూలమట్టంగానే ఉంది. బండే ఉత్తరానికి వాలి ఉంది. టేబులు మీద గుడ్డ పరిచి కోసే మనిషి కాబట్టి, కింద ఉన్నది ఎప్పుడూ సాపుగానే ఉంటుందన్న నమ్మకంతో పని చేసింది. ఒక దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకుంటే సరిపోయేది. పిల్లలను పిలిచి, దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు సూర్యునిది గాదు, నాది" అంది. శ్రీజ వెంటనే తన బూటు తాడు విప్పి దానికి రాయి కట్టడం మొదలుపెట్టింది. పదిమంది పిల్లలు ఆ పిల్ల వెనక క్యూ కట్టారు.

పన్నెండున్నరకు నీడలు తూర్పు వైపు కొంచెం కొంచెంగా బయటికి వచ్చాయి. జనం దిగిపోయారు. తిమ్మమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి సరిత చేతిలో పెట్టింది.

"పట్టు. మాట మాటే. గానీ జాకెట్లు శుక్రవారం లోపల అయిపోవాలె. దానికి పందెం లేదు."

"అయితయత్తా."

సరిత తాళం తీసి లోపలికి వెళ్లింది. అత్త కూడా, పిలవకుండానే, గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వెనకాలే ఎస్తేరమ్మ వచ్చింది. ఇద్దరూ ఆ గదిలోకి రావడం అదే మొదలు. తిమ్మమ్మ టెలిస్కోపు మీది గుడ్డ తొడుగును వేళ్లతో పట్టి చూసి, కుట్టు బాగానే ఉందన్నట్టు వదిలేసింది. సరిత నోటుబుక్కు తెరిచి రాసింది. మే ఐదు, పన్నెండు పదమూడు. కడ్డీ: జానెడు నీడ, వంకరగా నిలబెట్టినందువల్ల, నిలబెట్టింది సరిత. మనిషి నీడ: సున్నా అడుగులు. చూసినవారు: తిమ్మమ్మ.

"ఏం రాసినవు?"

సరిత చదివి వినిపించింది.

"నా పేరెందుకే? ఇదేమన్న కూలి మస్టరా?"

"మస్టర్ గాదత్తా. ఎవరు చూస్తే వాళ్ల పేరు రాయాలె. లేకుంటే చూసినట్టు కాదు."

"ఎవరు చూస్తే వాళ్లదేనా?"

"వాళ్లదే."

తిమ్మమ్మ వంగి, తనకు చదవరాని ఆ అక్షరాలను కాసేపు చూసింది. తర్వాత పేరున్న చోటే వేలు పెట్టింది.

"అయితే ఇది తప్పు. కొట్టెయ్" అంది. "ముందుగాల ఎస్తేరు పేరు రాయి. తలకాయ లేదని చూసింది అది. నేను దాని ఎనక చూసిన."